అంకె లేని నాణెములు

రోమను చక్రవర్తుల కాలపు నాణెము నొకదానిని చేతిలోనికి తీసికొన్నచో, ఒకవైపున చక్రవర్తి ముఖము, దాని చుట్టును అతని పేరు, బిరుదములు కనబడును. రెండవవైపున ఒక దేవతయో, దేవాలయమో, సంకెలలోని శత్రువో ఉండును. ఇంత చెక్కినవారు ఆ నాణెము విలువను మాత్రము సాధారణముగా వ్రాయలేదు. మన రూపాయిపై వలె దానిపై అంకె కనబడదు. రోము అంగడిలోని వర్తకుడు దానిని చూపుతోనే పోల్చుకొనెడివాడు. నేడు నాణెములు సేకరింప మొదలిడిన విద్యార్థికి ఆ అలవాటు లేదు. కావున అతడు లోహము, పరిమాణము, బరువు, చక్రవర్తి తలపై నున్న కిరీటము, ఈ నాలుగింటిని కలిపి చూడవలసి యుండును.

ముందుగా ఆ నాణెముల లెక్క తెలియవలెను. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ పద్ధతి వచ్చువరకు మన రూపాయికి 16 అణాలు. రోమనుల వెండి నాణెమైన దేనారియస్‌కును 16 ఆస్‌లే. మొదట అది 10 ఆస్‌ల నాణెము. దాని పేరులో 'పది' అను అర్థము నేటికిని నిలిచియున్నది. క్రీ.పూ. 2వ శతాబ్దమున దానిని 16కు మార్చిరి. ఈ పోలిక కేవలము కాకతాళీయమే గాని, మనకు మిక్కిలి ఉపకరించును. దేనారియస్‌ను రూపాయి యనుకొన్నచో సెస్టెర్షియస్ పావలా, దుపోండియస్ బేడ, ఆస్ అణా, సెమిస్ అర్ధణా, క్వాడ్రాన్స్ కాని యగును. పాత ఎక్కాలు చదివిన తాతగారున్న ఇంటిలో ఈ పట్టికను వేరుగా వల్లెవేయ నక్కరలేదు. వీటన్నిటిపైన బంగారు ఔరియస్ కలదు. దానికి 25 దేనారియస్‌లు.

బంగారమును, వెండిని గుర్తించుట కష్టము కాదు. ఔరియస్, దేనారియస్ వెడల్పున ఇంచుమించు ఒక్కటే. కాని అగస్టస్ కాలమున మొదటిది 8 గ్రాములకు కొంచెము తక్కువ, రెండవది సుమారు 3.9 గ్రాములు తూగెడివి. వెండివానిలో ఒక మోసము కలదు. ఆ కాలపు దొంగ నాణెముల తయారీదారులు రాగిబిళ్లపై పలుచని వెండిరేకు నెక్కించెడివారు. అంచున వెండి లేచి ఎఱ్ఱని రాగి తొంగిచూచునేమో పరీక్షింపవలెను.

అసలు చిక్కు చిల్లరనాణెములలో నున్నది. వీనిలో పెక్కింటిపై సెనేటు నిర్ణయమును సూచించు ఎస్, సి అను రెండక్షరము లుండును. సెస్టెర్షియస్ పెద్ద ఇత్తడి బిళ్ల; బరువు సుమారు 25 గ్రాములు; దానిని మరొకదానిగా పొరబడుట అరుదు. దుపోండియస్, ఆస్ మాత్రము ఇంచుమించు ఒకే పరిమాణము గలవి. మొదటిది ఇత్తడి, రెండవది రాగి. కొత్తగా నున్నపుడు ఒకటి పసుపు, రెండవది ఎఱుపు. కాని రెండువేల యేండ్లు నేలలో పడియున్న తరువాత రెండింటికిని ఒకే చిలుము పట్టును. చెంబును తోమినట్లు చింతపండుతో తోమి రంగు చూతమనుకొనుట తగదు. పులుపు చిలుముతోపాటు అక్షరములను గూడ తినివేయును. అట్టి నాణెము పరిశోధకునకు కొరగాదు.

ఇచ్చట కిరీటము సాయపడును. నీరో కాలమునుండి దుపోండియస్‌పై చక్రవర్తి తలకు సూర్యకిరణముల వంటి మొనలు గల కిరీటమును, ఆస్‌పై ఆకుల దండను చూపుట వాడుకయైనది. రాణుల బొమ్మలకు ఈ భేదము పాటింపలేదు గనుక, వారి నాణెములయందు మరల లోహమునే ఆశ్రయింపవలెను.

కిరణముల కిరీటమునకు 'రెండు' అను అర్థము ఇట్లు స్థిరపడెను. క్రీ.శ. 215లో కారకల్లా చక్రవర్తి దానిని వెండికి గూడ పట్టించెను. అతడు వేయించిన కొత్త నాణెముపై కిరణముల కిరీట మున్నది. తరువాత రాణుల బొమ్మల క్రింద చంద్రవంక నుంచిరి. నేటి పండితులు దీనిని ఆంటోనినియానస్ అందురు. ఇది రెండు దేనారియస్‌ల విలువకు చెల్లెననియే ఎక్కువమంది అభిప్రాయము. తూచిచూచినచో సుమారు ఒకటిన్నర దేనారియస్ బరువే కలదు! తలపై రెండని చెప్పి, చేతిలో ఒకటిన్నర పెట్టుట యన్నమాట. సైన్యము జీతములు పెరిగినకొలది అందలి వెండి తరిగెను. క్రీ.శ. 270 నాటికి నూటికి అయిదు పాళ్లయినను లేక, పైపూతగల రాగిముక్కగా మిగిలెను. క్రీ.శ. 274లో అరేలియన్ దానిని కొంత బాగుచేసి, 21 అను రోమను అంకె వేయించెను. ఇరువది పాళ్ల రాగికి ఒక పాలు వెండి యని దాని భావమని పలువురు చెప్పుదురు. కాన్‌స్టాంటైన్ కాలపు సాలిడస్ అను బంగారు నాణెముతో గాని నమ్మకము తిరిగి రాలేదు. రోమను పౌనుకు 72 చొప్పున, ఒక్కొక్కటి సుమారు 4.5 గ్రాములు తూగు ఆ నాణెము బైజాంటియమునందు శతాబ్దములపాటు చెడక నడచెను.

వెండి తగ్గించుట కారకల్లాతో మొదలు కాలేదు. క్రీ.శ. 64లో నీరోయే పౌనుకు 84గా ఉండిన దేనారియస్‌లను 96 చేసి, లోహమును గూడ కొంత కల్తీపరచెను. ఈ మార్పు జాడ మన నేలలో సయితము కనబడుచున్నది. రోమనులు మిరియములకు, వస్త్రములకు, రత్నములకు బదులుగా భారతదేశమునకు నాణెములను పంపెడివారు. ఏటేట అయిదుకోట్ల సెస్టెర్షియస్‌లు ఇట్లు పోవుచున్నవని ప్లీనీ మొఱపెట్టెను. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన వేయికి పైబడిన వెండి నాణెముల కుప్పలో అగస్టస్, టైబీరియస్‌ల దేనారియస్‌లే మిక్కుటము. బరువు చూచి పుచ్చుకొను వర్తకులకు నీరోకు ముందటి మంచి వెండియే ఇష్టమైనదని పండితులు తలచుచున్నారు. కొండాపురపు త్రవ్వకములలో రోమను నాణెముల పోలికతో మట్టితో చేసిన బిళ్లలును లభించినవి. బహుశా వానిని మెడలో ధరించెడివారు.

ఇట్టి నాణెములు పొలము దున్నునపుడో, పునాది త్రవ్వునపుడో బయటపడినచో, 1878నాటి నిధినిక్షేపముల చట్టము ననుసరించి కలెక్టరుగారికి తెలుపవలెను. కుప్పను విడదీసి పంచుకొన్నపుడు, ఏ నాణెము ఏ నాణెముతో కలిసి పూడ్చబడినదో, అను సాక్ష్యము నశించును.

నాణెముతోపాటు దాని పేరును మన దేశమునకు వచ్చినది. దేనారియస్ సంస్కృతమున దీనారమైనది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల కాలపు శాసన మొకటి, ఉజ్జయినీ రాజపుత్రిక యైన రుద్రధర భట్టారిక మహాచైత్యమునకు ఒక రాతి స్తంభమును, 170 దీనారి మాషకములను ఇచ్చినట్లు చెప్పుచున్నది.