షహన్‌షా డేరాలో బందరు బాగ్

చల్లపల్లి వైపు కొత్తిల్లు కట్టుకుంటున్న మనవాళ్ళ ఇళ్ళల్లో ఈమధ్య ఒక ముచ్చట కనిపిస్తోంది. హాల్లో ఒక గోడకు చెట్లు, వాగు, కొండలు పెయింటింగ్ వేయించాలని పిల్లల షౌక్. పెద్దవాళ్ళ సవాల్ ఒకటే: "దీవార్ మీద తస్వీరా? జాయజేనా?"

ఫత్వా ఇవ్వడం ఉలమాల పని. నేను చెప్పగలిగింది తారీఖ్. బొమ్మలు గీసి రోజీ సంపాదించుకునే ఒకాయన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరికి వస్తే, ఆ పని తప్పదనుకుంటే చెట్లను, రూహ్ లేని వాటిని గీసుకోమని ఆయన చెప్పినట్టు సహీ బుఖారీలో ఉంది. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ హయాంలో, 715 నాటికి పూర్తయిన దమిష్క్ జామె మస్జిద్ గోడల మీద రంగు గాజు ముక్కలతో పొదిగిన నది, దాని ఒడ్డున భారీ చెట్లు, ఇళ్ళు ఉన్నాయి. మనిషి గానీ జంతువు గానీ లేదు. ఎంతో కాలం సున్నం కింద దాగిపోయిన ఆ నది 1920ల చివర్లో మళ్ళీ బయటపడింది.

దమిష్క్ దూరమనుకుంటే, మన పక్కనున్న బందరు కథ వినండి.

1660లలో ఫ్రెంచి హకీము బెర్నియే ఢిల్లీలో ఔరంగజేబు దర్బారు జష్న్ చూశాడు. దీవానె ఆమ్ ముందు వెండి తొడిగిన స్తంభాల మీద పెద్ద డేరా వేశారు. బయట ఎరుపు. లోపలి అస్తర్ అంతా మచిలీపట్నం పూల గుడ్డ. ఆ పని కోసమే ప్రత్యేకంగా గీయించింది. పూలు ఎంత అసలుగా ఉన్నాయంటే, చుట్టూ నిజమైన పూలమళ్ళు ఉన్నట్టే అనిపించిందని రాశాడు. బందరు అప్పటికింకా గోల్కొండ కుతుబ్‌షాహీల రేవే. మొగలాయిల చేతికి పోయింది 1687లో. అంటే పరాయి సల్తనత్ నుంచి తెప్పించుకున్న గుడ్డతో హిందుస్తాన్ బాద్‌షా తన డేరాలో బాగ్ పెట్టించుకున్నాడు. డేరాకు గోడ అంటే గుడ్డే కదా!

ఆ హునర్ పేరే కలంకారీ. కలం, కారీ రెండూ ఫార్సీ మాటలే. గుడ్డను కరక్కాయ రసంలో, గేదె పాలల్లో నానబెట్టాలి. పాత ఇనుము, బెల్లం ఊరబెడితే నలుపు. పటిక అద్ది, చిరువేరుతో ఉడికిస్తే ఎరుపు. నీలం అంటకూడని చోట మైనం పూయాలి. ప్రతి రంగుకూ ఉతకడం, ఆరబెట్టడం. ఒక బాగ్ పూయాలంటే ఎన్ని రోజుల మెహనత్!

శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణ, భారత కథలు ఎక్కువ. బందరు పనిలో పూలు, తీగలు, చెట్లు ఎక్కువ. గోల్కొండ దర్బారు, ఇరానీ సౌదాగర్లు కోరిన నక్షాలవి. మనుషుల బొమ్మలున్న పెద్ద తెరలు కూడా ఆ కాలంలో మన తీరాన తయారయ్యాయి, అదీ నిజమే. అయినా దునియా అంతా తిరిగింది మన చెట్టే. రాళ్ళ గుట్ట మీద మొలిచి, కొమ్మకో రకం పువ్వు పూసే ఆ చెట్టున్న దుప్పట్లను యూరప్ వాళ్ళు పాలంపోర్ అన్నారు. అది మన పలంగ్‌పోషే. మంచాల మీదా పరిచారు, గోడలకూ కట్టుకున్నారు. కోరమాండల్ గుడ్డల మోజు ఎంత ముదిరిందంటే, అక్కడి నేతగాళ్ళ రోజ్‌గార్ పోతోందని హిందుస్తానీ అద్దకపు గుడ్డల మీద ఫ్రాన్స్ 1686లో పాబందీ పెట్టింది, ఇంగ్లండ్ 1700లో చట్టం చేసింది.

బెర్నియే డేరా గురించి రాశాడు గానీ, ఆ పూలు గీసిన కారీగర్ పేరు రాయలేదు. ఎవరో మన డెల్టా మనిషే. హిందువో ముసల్మానో తెలియదు. ఆయన పని మాత్రం తఖ్త్ చుట్టూ నిలబడింది.

ఆ పనికి వారసులు బందరు పక్కనే, పెడనలో ఉన్నారు. ఇప్పుడు ఎక్కువగా టేకు అచ్చులతో అద్దుతున్నారు. అందుకే, గోడకు ఎక్కడివో మంచుకొండలు వేయించే ముందు పిల్లల్ని ఒకసారి పెడన తీసుకెళ్ళండి. ఆ చెట్టునే నమూనాగా ఇచ్చి పెయింటర్‌తో గీయించండి, లేదా గుడ్డే కొని గోడకు కట్టండి. ఇంటికొచ్చిన మెహమాన్ "ఎక్కడిదీ బాగ్?" అని అడిగితే, "మన బందరుది" అని మీ పిల్లలే జవాబు చెప్పాలి.