తార్నాకలో ఒక పట్టిక చరిత్ర

తార్నాక నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్లేటప్పుడు మీరు జాతీయ పోషకాహార సంస్థను చూసే ఉంటారు. రాగులలో కాల్షియం ఎంత, ఉసిరికాయలో సి విటమిన్ ఎంత అని వైద్యులు చెప్పే అంకెలలో అధికభాగానికి పుట్టినిల్లు అదే.

సంస్థ పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. 1918లో నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ సంస్థలోని ఒకే ఒక గదిలో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన ఆరంభించారు. ఆయన తరువాత వచ్చిన ఐక్రాయిడ్ కాలంలో, 1937లో, భారతీయ ఆహారపదార్థాల పోషకవిలువలు తొలిసారి చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. 1958లో పరిశోధనశాల హైదరాబాదుకు తరలివచ్చింది. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ వెలువరించిన గ్రంథం, 1989లో దాని సవరణ, దశాబ్దాలపాటు మా వైద్యులకు ఆధారమయ్యాయి.

ఆ పాత పట్టిక ప్రకారం 100 గ్రాముల ఉసిరికాయలో సి విటమిన్ 600 మిల్లీగ్రాములు. ఎందరో రోగులకు నేనూ ఆ మాటే చెప్పాను. 2017లో లాంగ్వా బృందం ప్రకటించిన కొత్త పట్టికలలో అది 252 మాత్రమే. మరి పండులో సత్తువ పోయిందా? అలా తీర్పు చెప్పడానికి వీలులేదు. నమూనాలు వేరైనప్పుడు, కొలిచే విధానం వేరైనప్పుడు రెండు అంకెలను పక్కపక్కన నిలబెట్టి పోల్చలేము.

కొత్త గ్రంథం విలువ ఇక్కడే ఉంది. 528 పదార్థాలు, 151 అంశాలు అన్న విస్తృతి గొప్పదే. అంతకన్నా గొప్పది, దేశాన్ని 6 ప్రాంతాలుగా విభజించి నమూనాలను ఎలా సేకరించారో, ఏ పద్ధతిలో పరీక్షించారో అందులో వివరించడం. రాగులలో కాల్షియం 364 అని ఊరుకోక, పక్కనే ± 58 అని ముద్రించారు. అన్ని చోట్ల రాగులూ ఒకటి కావని ఆ చిన్న గుర్తు మీకు చెబుతుంది. పాత పుస్తకంలోని ఒంటరి అంకెకు ఆ నిజాయితీ లేదు.

2014లో మొదలైన 'సైంటిఫిక్ డేటా' వంటి దత్తాంశ పత్రికలు కోరేదీ ఇదే. వాటిలో వ్యాసకర్త సిద్ధాంతాల జోలికి పోనక్కరలేదు. దత్తాంశాన్ని ఎక్కడ, ఎలా సేకరించి, ఎక్కడ భద్రపరిచాడో ఇతరులు సరిచూడగలిగేలా వివరిస్తే చాలు.

కొత్త పట్టికలను తిరగేసే ఓపిక మీకుంటే ఒక్క జాగ్రత్త: అందులో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. కేలరీలు కావాలంటే 4.184తో భాగించండి. లేకుంటే మధుమేహ రోగి పళ్లెంలోని అన్నం నాలుగింతలై కనిపించి భయపెడుతుంది.