కంపైలర్ రిగ్రెషన్ కొలత

కంపైలర్ కొత్త వెర్షన్ వచ్చాక అదే ప్రోగ్రామ్ నెమ్మదించినా, బైనరీ ఉబ్బినా, కంపైల్ కావడానికే ఎక్కువసేపు పట్టినా దాన్ని రిగ్రెషన్ అంటారు. ఫలితం సరిగ్గానే వస్తుంది కాబట్టి మామూలు పరీక్షలకు ఇది చిక్కదు.

వేగం కొలవడానికి 1988లో ఏర్పడిన స్పెక్ సంస్థ సీపీయూ బెంచ్‌మార్కులు పేరుపడ్డాయి. ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ ప్రాజెక్టు తన టెస్ట్ సూట్‌లోంచి ఎస్‌క్యూలైట్, బుల్లెట్ వంటి పది ప్రోగ్రాములను సీటీమార్క్ పేరిట విడదీసి, కంపైల్ సమయంపై కన్నేసి ఉంచుతుంది.

గడియారాన్ని నమ్మడంతోనే అసలు చిక్కు. ప్రాసెసర్ వేడెక్కినా లెక్క మారుతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పరిమాణం, ఆబ్జెక్ట్ ఫైళ్లను లింక్ చేసే వరుస కూడా ఫలితాన్ని తారుమారు చేయగలవని 2009లో మిట్‌కోవిచ్ బృందం చూపింది. అంటే పొడుగాటి యూజర్‌నేమ్ కూడా అనుమానితుల జాబితాలో చేరినట్టే! అందుకే కంపైల్ సమయాన్ని పోల్చేటప్పుడు సెకన్లకు బదులు అమలైన ఇన్‌స్ట్రక్షన్లను లెక్కపెట్టడం మేలు. ఆ సంఖ్య దాదాపు నిలకడగా ఉంటుంది, చిన్న తేడా కూడా బయటపడుతుంది. కాష్ మిస్‌ల నష్టం మాత్రం అందులో కనబడదు.

కోడ్ పరిమాణానికి ఈ బాధ లేదు. సోర్సు, ఆప్షన్లు మారకపోతే సాధారణంగా బైట్లూ మారవు. అయితే ఫైలు మొత్తం సైజు చూస్తే డీబగ్ సమాచారం కలిసిపోయి మోసం చేస్తుంది. ‘సైజ్’ కమాండ్ చూపే టెక్స్ట్, డేటా, బీఎస్‌ఎస్ అంకెలను విడివిడిగా చూడాలి. ఇన్‌లైనింగ్ పరిమితి పెంచితే సర్వర్ ప్రోగ్రామ్ చురుకవ్వచ్చు గానీ, ఆర్డువినో ఊనోలోని 32 కిలోబైట్ల ఫ్లాష్‌లో అదే కోడ్ పట్టకపోవచ్చు.

తేడా రుజువయ్యాక, గిట్ బైసెక్ట్‌తో వెయ్యి కమిట్లలో దోషిని సుమారు పది బిల్డుల్లో పట్టుకోవచ్చు.