పలచటి రేకు, ఆటోనగర్, ఒక మిగ్ మిషను

ఈ మధ్య మన ఐటీ జనాల్లో ఒక కొత్త సరదా బయలుదేరింది. శని, ఆదివారాల్లో పాత స్కూటరు విప్పడం, తుప్పు పట్టిన జీపుకి ఫ్లోరు రేకు మార్చడం, లాంటివి. ఈ సరదా మొదలెట్టిన ప్రతివాడూ చివరికి ఒకటే ప్రశ్న దగ్గర ఆగుతాడు. "పలచటి రేకు అతకడానికి ఏ మిగ్ మిషను కొనాలి?" ఇక ఆన్‌లైన్లో 200 ఆంపియర్లా, 250 ఆంపియర్లా అని అంకెలు పోల్చడం మొదలు, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత అని చూసినట్టు. నన్నడిగితే, దీనికి జవాబు ఆ పట్టికల్లో కన్నా మన బెజవాడ ఆటోనగర్ చరిత్రలో తేలిగ్గా దొరుకుతుంది. ఆ చరిత్ర ఒక్క ముక్కలో చెప్పాలంటే, రేకు పలచబడిన కొద్దీ పనిముట్టు మారింది. అంతే.

ముందు ఊరి సంగతి చూద్దాం. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి అయింది. ఆ ధాన్యం చాలా కాలం కాలవల్లో పడవల మీద వెళ్ళింది, తర్వాత లారీలెక్కింది. మద్రాసు - కలకత్తా రోడ్డూ, హైదరాబాదు - బందరు రోడ్డూ కలిసేది బెజవాడలోనే కాబట్టి లారీలన్నీ ఇక్కడ ఆగేవి. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. లారీలు ఆగే చోట షెడ్లు పుడతాయి కదా! ఊళ్ళో రోడ్ల పక్కన ఇరుకిరుగ్గా పెరిగిన ఆ షెడ్లకి ఒక చోటు కావాలని 1960ల మధ్యలో పటమట వైపు జవహర్ ఆటోనగర్ ఏర్పడింది. తర్వాత గుంటూరులో, విశాఖలో వచ్చినవాటికి కూడా ఆటోనగర్ అనే పేరే పెట్టారు.

ఆ షెడ్లలో అతుకు వెయ్యడానికి రెండు దారులుండేవి. ఒకటి గ్యాస్, రెండోది కరెంటు.

గ్యాస్ వెల్డింగు 1903 ప్రాంతంలో ఫ్రాన్సులో తయారైంది. ఆక్సిజనూ, ఎసిటిలీనూ కలిపి మండిస్తే 3,000 డిగ్రీలు దాటిన మంట వస్తుంది. ఎసిటిలీన్ ఎక్కణ్ణించి వస్తుందంటారా? కాల్షియం కార్బైడు రాళ్ళ మీద నీళ్ళు పడితే వచ్చే గ్యాసే అది. మామిడికాయలు దొంగతనంగా మాగెయ్యడానికి వాడుతున్నారని ఎండాకాలం పేపర్లో చదువుతామే, అదే కార్బైడు! గ్యాసులో సుఖం ఏంటంటే, మంటని దగ్గరికీ దూరానికీ జరుపుతూ వేడిని చేత్తోనే అదుపు చెయ్యచ్చు. అందుకే కార్లకి టింకరింగ్ చేసే మేస్త్రీలు దాన్నే నమ్ముకున్నారు. ఇబ్బంది ఏంటంటే, వేడి జానెడు దూరం పాకుతుంది, రేకు వంకర్లు పోతుంది. దాన్ని మళ్ళీ సుత్తితో సాపు చెయ్యాలి.

కరెంటు వెల్డింగు ఇంకా పాతది, 1880లలో రష్యాలో బెనార్డోస్ మొదలుపెట్టాడు. మనం వాడే పూత రాడ్డు మాత్రం స్వీడన్‌లో షెల్‌బెర్గ్ 1900ల మొదటి దశకంలో చేసింది. లారీ ఛాసిస్‌కి, బాడీ యాంగిళ్ళకి ఇది తిరుగులేని పనిముట్టు. కానీ 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకి కనీసం 60 ఆంపియర్లయినా కావాలి. దాన్ని 0.8 మిల్లీమీటర్ల కారు రేకుకి ఆనిస్తే అతుకు కాదు, బొక్క పడుతుంది.

మిగ్ ఇక్కడ వస్తుంది. 1948లో అమెరికాలో బ్యాటెల్ సంస్థలో దీన్ని తయారుచేసింది పలచటి రేకు కోసం కాదు, అల్యూమినియం కోసం. రీలు లోంచి తీగ దానంతటదే వస్తూ కరుగుతుంది, చుట్టూ గ్యాసు గాలి తగలకుండా కాపలా కాస్తుంది. అప్పటి గ్యాసు ఖరీదు. 1953లో సోవియట్ ఇంజనీర్లు చవకైన కార్బన్ డయాక్సైడు వాడి చూపించారు. మన షెడ్లలో దీన్ని "సీఓటూ వెల్డింగ్" అనడానికి కారణం అదన్నమాట. 1950ల చివర్లో అసలు మలుపు వచ్చింది. సన్నటి తీగ, తక్కువ వోల్టేజి. తీగ సెకనుకి పదుల సార్లు రేకుని తాకి, షార్ట్ అయ్యి, చుక్క వదిలి వెనక్కి వస్తుంది. మధ్యమధ్యలో రేకుకి చల్లారే సందు దొరుకుతుంది. పలచటి రేకుకి మిగ్ పనికొచ్చేది ఈ ఒక్క కిటుకు వల్లే.

మరి మన దగ్గర అవసరం ఎప్పుడొచ్చింది? అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో గ్యాసూ సుత్తీ సరిపోయాయి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. తేలిక కారు, పలచటి రేకు. ఆ తర్వాత వచ్చిన కార్లలో బలం ఎక్కువుండే స్టీలు రకాలు కూడా చేరాయి. వీటిని గ్యాసుతో ఎర్రగా కాలిస్తే ఆ బలం పోతుంది. అంటే రిపేరు చేసిన కారు చూడ్డానికి బానే ఉంటుంది, గుద్దుకున్నప్పుడు మాత్రం మనిషిని కాపాడదు. కాబట్టి వేడి తక్కువ పాకే పద్ధతి షోకు కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం.

సరే, ఇప్పుడు కొనే సంగతి. ఈ చరిత్ర చెప్పేది సూటిగానే ఉంది.

పెద్ద ఆంపియర్లు చూడకండి, చిన్నవి చూడండి. 0.8 రేకుకి 30, 40 ఆంపియర్లు చాలు. మిషను అంత కిందికి దిగి, అక్కడ నిలకడగా వెలుగుతుందా అన్నదే ప్రశ్న. 40 ఆంపియర్లు, 16 వోల్టులంటే 640 వాట్లు. నష్టాలు కలుపుకున్నా గోడ నుంచి లాగేది ఐదారు ఆంపియర్లే. ఇంట్లో గీజరుకుండే 15 ఆంపియర్ల ప్లగ్గు ఈ పనికి చాలు.

తీగ 0.6 గానీ 0.8 గానీ వాడండి. సిలిండరు ఖర్చు లేదని గ్యాసు అక్కర్లేని ఫ్లక్స్ తీగకి పోకండి. అది మందపు ఇనుముకి మంచిదే గానీ పలచటి రేకుని తేలిగ్గా తూట్లు పొడుస్తుంది. ఆర్గాన్‌లో 20 శాతం కార్బన్ డయాక్సైడు కలిపిన సిలిండరైతే నిప్పురవ్వలు తక్కువ.

డ్యూటీ సైకిల్ 20 శాతం అంటే పది నిమిషాల్లో రెండు నిమిషాలే పని. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ అంకె 40 డిగ్రీల వేడిలో లెక్క కట్టాలి. కొందరు చల్లటి గదిలో కొలిచి పెద్ద అంకె వేసుకుంటారు. మే నెలలో మన బెజవాడ సంగతి మీకు తెలుసు! ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచారో అడగండి. పైగా ఫ్యాను వేస్తే గ్యాసు చెదిరిపోతుంది కాబట్టి చెమటలు కక్కుతూనే చెయ్యాలి. హెల్మెట్టు మిషను కన్నా ముందు కొనాలి, జింకు పూత రేకైతే పూత గీకెయ్యాలి, ఆ పొగ పీల్చకూడదు.

ఒకే గీతలా లాగకండి. చుక్క పెట్టి, ఆగి, ఇంకో చివర ఇంకో చుక్క పెట్టండి. మధ్యలో చల్లారనివ్వండి. మిగ్ కిటుకు అదే కదా!

చివరగా ఒక్క మాట. బీటెక్ ఫస్టియర్లో మనందరం వర్క్‌షాప్ ల్యాబ్ అని ఒకటి చేశాం. టిన్ స్మిథీలో రేకు కత్తిరించి డబ్బా చేసి, రికార్డు నింపి బయటపడ్డాం. ఆటోనగర్ మేస్త్రీ గ్యాసు నేర్చుకుని, రాడ్డు నేర్చుకుని, కార్లు మారాయని సీఓటూ కూడా నేర్చుకున్నాడు. అతనికి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు, హైకు కూడా ఇవ్వలేదు. మనం కొత్త లాంగ్వేజి నేర్చుకుంటే రెజ్యూమెలో రాసుకుంటాం, అతన్ని మాత్రం "చదువు అబ్బక షెడ్డులో చేరాడు" అంటాం. మిషను కొనేముందు మీ జీపు ఫ్లోరులో ఒక ముక్క అతనికిచ్చి, డబ్బులు బేరమాడకుండా ఇచ్చి, పక్కన నిలబడి చూడండి. వోల్టేజి ఎక్కడ పెడుతున్నాడో, ఎన్ని చుక్కలకి ఆగుతున్నాడో రాసుకోండి. ఆ కాగితం ఏ మాన్యువల్లోనూ ఉండదు.