పద్దు ఎవరి చేతిలో

ఒక పౌండు నూలులో 840 గజాల చిలప ఒక్కటే తూగితే అది ఒకటో నంబరు. ఇరవై చిలపలు తూగితే ఇరవయ్యో నంబరు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. షోలాపూర్ కొంతం చౌక్ చుట్టుపక్కల నూలు బేరం చేసినవాడికి ఇది ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు. గజాలు పోయి మీటర్లు వచ్చాయి, పౌండు పోయి కిలో వచ్చింది. నూలు నంబరు మాత్రం నేటికీ ఆ ఇంగ్లీషు గజాన్నీ పౌండునీ పట్టుకునే వేలాడుతోంది.

పుంజం అంటే 120 పోగులు. పద్నాలుగు పుంజాల పడుగుకు 1,680 పోగులు కావాలి. పది గజాల పొడవున ఆసు పోస్తే మొత్తం 16,800 గజాల దారం. ఇరవయ్యో నంబరు నూలు పౌండుకు ఎంత? ఇరవై ఇంటూ 840, అదీ 16,800 గజాలే. అంటే సరిగ్గా ఒక పౌండు. ఈ లెక్క కాగితం మీద వేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. మగ్గం మీద పుట్టి పెరిగినవాళ్లు కండెకు దారం చుడుతూనే చెప్పేస్తారు. ఏడో తరగతి అనుపాతం, ఆరో తరగతి గుణకారం, కొలతల మార్పిడి అన్నీ అందులో ఉన్నాయి. అలాంటప్పుడు షోలాపూర్‌లోని ఈ తెలుగు సాలెపేటలు తరతరాలుగా బాకీల్లో ఎందుకున్నాయి? లెక్క రాక మాత్రం కాదు.

తెలుగులో లెక్కకు పుస్తకం తక్కువేమీ లేదు. రాష్ట్రకూటుల అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. ఆ రాజుల రాజధాని మాన్యఖేటం నేటి మళఖేడ్, షోలాపూర్‌కు ఆగ్నేయంగా ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, జైన వాసనను శైవంగా మార్చి మరీ. త్రైరాశికం, మిశ్రమాలు, బంగారం వన్నె, వడ్డీ అన్నీ అందులోకి వచ్చాయి. వ్యాపారికీ కరణానికీ పనికొచ్చే గణితం అది. మగ్గం గుంటలో కూర్చున్నవాడి దాకా ఎంత చేరిందన్నది వేరే ప్రశ్న.

వీధిబడి లెక్క ఎలా ఉండేదో చెప్పడానికి మంచి సాక్ష్యం 1823లో బళ్లారి కలెక్టర్ కాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక. తెలుగు, కన్నడ బడులు రెండూ ఉన్న జిల్లా అది. పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. ఎక్కాలు బట్టీ పట్టేవారు, భిన్నాల ఎక్కాలతో సహా. రకరకాల దస్తూరీలు చదవడం, ఉత్తరాలు, ఒడంబడిక పత్రాలు రాయడం కూడా చదువులో భాగమే. ఆ చివరి మాట దగ్గర ఆగాలి. పత్రం రాయడం బడిలో నేర్పేవారు. అంటే ఆ బడికి వెళ్లినవాడు పత్రం రాసేవాడయ్యాడు, వెళ్లనివాడు దాని కింద వేలిముద్ర వేసేవాడయ్యాడు.

ఆ రోజుల్లో వర్తకుల పద్దులు కడితాల మీద ఉండేవి. గుడ్డకు గంజి పట్టించి, బొగ్గు పూసి, నల్లగా ఆరబెట్టి మడతలు పెట్టిన పుస్తకం అది. సాలెవాడు నేసిన గుడ్డ మీదే సాలెవాడి అప్పు రాసేవారన్నమాట.

తెలుగు పద్మశాలీలు షోలాపూర్‌కు పేష్వాల కాలం నుంచీ వస్తూనే ఉన్నారు. 1860లో రైలు వచ్చింది. 1876–78 నాటి పెద్ద కరువుకు దక్కన్ అల్లాడింది. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు నడక మొదలైంది, ఊరివాళ్లకు అది జూనీ మిల్లు. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి జనం మగ్గాలతో, పిల్లాజెల్లాతో కదిలి వచ్చారు. ఊరి తూర్పు భాగం తెలుగు మాటతో నిండింది. సొంత మగ్గం ఉన్నవాడు సావకారు దగ్గర నూలు అప్పుకు తెచ్చి, చీర నేసి, అదే సావకారుకు ఇచ్చేవాడు. సొంత మగ్గం లేనివాడు కార్ఖానాదారు దగ్గర ముందుగా కొంత సొమ్ము తీసుకుని అతని మగ్గం మీద కూర్చునేవాడు. ఆ ముందస్తు సొమ్మును మరాఠీలో ఉచల్ అంటారు. తెలుగింట అది బాకీయే.

సరిగ్గా ఆ కాలంలోనే పక్కన ఒక చట్టం వచ్చింది. 1875లో పూణే, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు వడ్డీ వ్యాపారుల మీద తిరగబడి, ఇళ్లలోకి చొరబడి పత్రాలు వెతికి తగలబెట్టారు. వాళ్లు ముందు వెతికింది డబ్బు కోసం కాదు, కాగితం కోసం. అసలు జబ్బు ఎక్కడుందో వాళ్లకు తెలుసు. దాని ఫలితంగా వచ్చిన 1879 నాటి దక్కన్ వ్యవసాయదారుల ఉపశమన చట్టం నాలుగు జిల్లాలకు వర్తించింది: పూణే, సతారా, అహ్మద్‌నగర్, షోలాపూర్. పత్రం వెనక ఉన్న అసలు లావాదేవీ ఏమిటో కోర్టు తవ్వి చూడవచ్చు. చెల్లించిన సొమ్ముకు రసీదు ఇవ్వాలి. అడిగితే లెక్క చూపాలి, పాసు పుస్తకంలో రాసివ్వాలి. దేశంలో అప్పులవాడి చేతికి పద్దు అందించే తొలి పెద్ద ప్రయత్నాల్లో ఇదొకటి. కానీ అది వ్యవసాయదారుడికి. అదే జిల్లా కేంద్రంలో మగ్గం మీద బతికేవాడు వ్యవసాయదారుడు కాడు కదా!

సాలెవాడికి మిగిలిన రక్ష దామ్‌దుపట్. వడ్డీ బాకీ ఎంత పెరిగినా ఒకసారి వసూలు చేసేది అసలును మించకూడదన్న పాత ధర్మశాస్త్ర నియమం అది, బొంబాయి రాజధానిలోని కోర్టులు దాన్ని పాటించేవి. దాన్ని తప్పించుకునే దారి కూడా అంతే పాతది. పాత పత్రం చింపి, అసలూ వడ్డీ కలిపి కొత్త పత్రం రాయించుకుంటే నిన్నటి వడ్డీ ఇవాళ్టి అసలవుతుంది. చక్రవడ్డీ అనే మాట పాఠ్యపుస్తకంలో సూత్రంగా కనిపిస్తుంది, ఈ వీధుల్లో అది చింపిన కాగితం చప్పుడుగా వచ్చింది.

వడ్డీ పలికే తీరులోనే ఒక మాయ ఉంది. రూపాయికి అణా అంటే ఎంత చిన్నగా వినిపిస్తుంది! వీసం అంటే పదహారో వంతు, అణా అంటే రూపాయిలో వీసం. నెలకు నూటికి ఆరుంబావు, ఏడాదికి డెబ్బై అయిదు శాతం. మన పెద్దలు నెలకు నూటికి రూపాయిని ధర్మవడ్డీ అన్నారు, ఏడాదికి పన్నెండు. నెల లెక్క చెప్పి ఏడాది లెక్క మరిపించడం, రూపాయి లెక్క చెప్పి నూటి లెక్క మరిపించడం ఈ వ్యాపారంలో సగం ఒడుపు.

బడి మాత్రం ఈ పేటల్లోకి మరాఠీ మాట్లాడుతూ వచ్చింది. మునిసిపల్ తెలుగు బడులూ ఉండేవి, పద్మశాలీ శిక్షణ సంస్థ వంటి సమాజ సంస్థలూ పాఠశాలలు పెట్టాయి. అయినా పొట్టకూటి భాష మరాఠీ. పిల్లలు పావకీ, నిమకీ, పావుణకీ, సవాయకీ, దిడకీ, అడీచకీ వల్లించారు: పావు, అర, ముప్పావు, ఒకటింబావు, ఒకటిన్నర, రెండున్నర ఎక్కాలు. అణాలు, పైసలు, శేర్ల లోకంలో ఇవి ఊతకర్రలంత అవసరం. ఇంట్లో ఇరవై ఒకటి అనే పిల్ల బడిలో ఏక్వీస్ అనాలి. తెలుగులో ముందు ఇరవై, తర్వాత ఒకటి. మరాఠీలో ముందు ఒకటి, తర్వాత ఇరవై. విని రాసుకునేటప్పుడు 21, 12 అయ్యే ప్రమాదం అక్కడే ఉంది. 2019లో రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకం ‘వీస్ ఏక్’ పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు మహారాష్ట్రలో పెద్ద గొడవ జరిగింది. పుస్తక సమితికి పెద్దగా ఉన్న గణితవేత్త మంగళా నార్లీకర్ సమర్థనగా చూపిన వాటిలో దక్షిణాది భాషలూ ఉన్నాయి. ఆ వాదన చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. కొంతం చౌక్‌లో ఏ అవ్వనడిగినా చెప్పేది.

1957 ఏప్రిల్ 1న నయా పైసా వచ్చింది. పదహారణాల రూపాయి నూరు పైసల రూపాయి అయింది. అణాకు ఆరుంబావు పైసలు, కానీ పావు పైసా నాణెం లేదు. కాబట్టి మార్పిడి పట్టీలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. మూడణాలు ఒక్కసారిగా తీసుకుంటే 19 పైసలు, విడివిడిగా మూడుసార్లు తీసుకుంటే 18. చిన్న చిన్న మొత్తాల్లో బతికేవాడికే ఆ ఒక్క పైసా నష్టం. దశాంశం వచ్చి లెక్క తేలికైందని మా తరం పుస్తకాలు సంబరపడ్డాయి, నిజమే. ఆ గుండ్రం చేయడంలో ఎవరి పైసా ఎటు పోయిందో మాత్రం ఏ పుస్తకమూ అడగలేదు.

మగవాళ్లు మగ్గం నుంచి పవర్‌లూమ్‌కు మారి చద్దర్లు, తువ్వాళ్లు నేస్తుండగా ఆడవాళ్ల చేతుల్లోకి తునికాకు వచ్చింది. షోలాపూర్ బీడీ కార్మికుల్లో ఎక్కువమంది తెలుగు ఆడవాళ్లే. కూలి వెయ్యికి ఇంత. కట్టకు పాతిక చొప్పున కడితే వెయ్యికి నలభై కట్టలు. ఇచ్చిన ఆకూ తంబాకూ వెయ్యికి సరిపోవాలి. ఆకు పుచ్చినదైతే, చిల్లులదైతే తక్కువ పడుతుంది, తక్కువ పడినదానికి సొంత డబ్బుతో ఆకు కొనాలి. అప్పగించేటప్పుడు బాగాలేవని కొన్ని పక్కకు తీస్తారు, వాటిని ఛాట్ అంటారు. వెయ్యిలో యాభై ఛాట్‌లోకి పోతే అయిదు శాతం అని బడిలో చదువుకుంటాం. ఇక్కడ ఆ యాభై చుట్టిన సమయం, వాటిలో పోసిన ఆకు, తంబాకు మూడూ పోయాయి. కూలిలో నిజమైన కోత అయిదు కంటే ఎక్కువ. ఈ లెక్క ఏ తరగతిలోనూ లేదు, ప్రతి ఆడమనిషికీ వచ్చు.

1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఛాట్ మీద హద్దు పెట్టడం, కార్మికుల దగ్గర లాగ్ పుస్తకం ఉండటం దాని వెంట వచ్చిన నియమాల్లోవే. 1977లో భవిష్య నిధి బీడీ కార్మికులకూ వర్తించింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో పెద్ద మలుపు ఇదే అనిపిస్తుంది. ఇన్నాళ్లూ తన పేరు మీద ఉన్న పద్దంటే అప్పుల పద్దే. మొదటిసారిగా జమ పద్దు వచ్చింది. పుస్తకంలో పేరు ఎక్కించకుండా, ఎక్కించినా తక్కువ బీడీలు రాసి తప్పించుకునే రివాజు కూడా దాంతోపాటే పుట్టింది. అందుకే యూనియన్ సభల్లో పగార్ ఎంత అన్న మాటతోపాటు పుస్తకంలో రాశారా అన్న మాట కూడా వినిపించేది.

ఆ పద్దు నుంచి ఇళ్ల దాకా వెళ్లారు. ఆడం నర్సయ్య నాయకత్వంలోని కార్మిక సంఘం పోరాడి, ఊరి బయట కుంభారి దగ్గర బీడీ మహిళల కోసం పది వేల ఇళ్లు సాధించింది. ఆ కాలనీకి వార్లీ ఆదివాసుల పోరాట నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు పెట్టారు, 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ అప్పగించారు. ఇంటి ఖర్చు అరవై వేలు. మూడో వంతు కేంద్రం, మూడో వంతు రాష్ట్రం, మూడో వంతు కార్మికురాలు. ఇరవై వేలు అన్నది వాయిదాల్లో తీర్చగలిగే అంకె. ఆ ఇంటి గడప మీద కూర్చున్న ఆమెకు భిన్నాల పాఠం ఇక వేరే చెప్పక్కర్లేదు.

బడి పుస్తకం ఈ మధ్య చాలా దగ్గరికి వచ్చింది. మహారాష్ట్ర బోర్డు ఏడో తరగతిలో బ్యాంకులు, బారువడ్డీ ఉన్నాయి. ఎనిమిదిలో రాయితీ, కమీషన్, చక్రవడ్డీ. తొమ్మిదిలో ఆర్థిక నియోజనమని ఒక పాఠమే పెట్టారు, పదిలో జీఎస్టీ, వాటాలు. బాగానే ఉంది. కాకపోతే పాఠంలోని కుటుంబానికి నెల జీతం ఉంటుంది, ఆదాయపు పన్ను ఉంటుంది. వారం పగార్, భీసీ అనే చిట్టీ పాట, పత్‌సంస్థ అనే పరపతి సంఘం హప్తా, ఉచల్ కోత ఉన్న కుటుంబం ఆ పేజీల్లో కనబడదు.

ఇప్పుడు పేటల్లో తిరిగేది గుంపు రుణాల కంపెనీల కాగితం. ముప్పై వేలు తీసుకో, ఏడాదికి పన్నెండు శాతం, నెలకు 2,800, పన్నెండు నెలలు. పన్నెండు శాతమంటే ధర్మవడ్డీయే కదా అని వినేవాళ్లకు అనిపిస్తుంది. కానీ మొదటి నెల నుంచే అసలు తిరిగి పోతోంది. ఏడాది పొడవునా సగటున చేతిలో ఉన్నది 16,250 రూపాయలే, దానికి కట్టేది 3,600. ఉజ్జాయింపుగా ఇరవై రెండు శాతం, నిక్కచ్చిగా కడితే 21.46. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఈ అసలు రేటును అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ముందే కాగితం మీద చూపాలి. 1879లో రైతుకిచ్చిన పాసు పుస్తకం సాలె ఇంటికి చేరడానికి అంతకాలం పట్టింది.

కాగితం వచ్చిన ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్ల ఇరవై ఒకటిన్నర శాతాన్ని మరాఠీలో చదువుతుంది: “సాడే ఏక్వీస్ టక్కే, అవ్వా.” ఆకు కత్తిరిస్తున్న అవ్వ తలెత్తదు. “అది కాదే. నూటికి నెలకెంత పడతదో చెప్పు.” పిల్ల పన్నెండుతో భాగిస్తుంది, ఫోన్ తీయకుండానే. రూపాయి డెబ్బై తొమ్మిది పైసలు.

“మరి రూపాయే అన్నడు గదా,” అంటుంది అవ్వ, కత్తెర పక్కన పెట్టి.