దోర్నకల్ యువ బిషప్

తెలుగు నేలమీద క్రైస్తవ యువ నాయకత్వం ఎలా ఎదిగిందో చూడాలంటే దోర్నకల్ వెళ్లాలి. తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1903లో, ముప్పై నిండకముందే, తిరునెల్వేలిలో భారతీయుల డబ్బుతో, భారతీయులే నడిపే మిషనరీ సంఘానికి పునాది వేసినవారిలో ఒకరు. 1909లో దోర్నకల్ చేరి, 1912లో ముప్పై ఎనిమిదేళ్లకు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

మద్రాసు బిషప్ వైట్‌హెడ్ అండ వల్లే అంత ఎదిగారనవచ్చు. అండ ఉన్నమాట నిజమే. కానీ 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో తెల్ల మిషనరీల పెద్దరికాన్ని వాళ్ల ఎదుటే ప్రశ్నించి, మాకు స్నేహితులు కావాలని అడగడం ఒకరి చాటున ఒదిగేవారు చేసే పని కాదు. పైగా ఆయన తెలుగు నేర్చుకుని, దళిత పల్లెల్లో స్థానికులనే ఉపదేశకులుగా తీర్చిదిద్దారు.