అద్దమునకు మెరుగు

కారు ముందుటద్దముమీద ఎండిన నీటిచుక్క మరక తడిగుడ్డకు పోదు, సబ్బునకును పోదు. పగటివేళ అది కంటికి అంతగా ఆనదు. రాత్రి ఎదుటినుండి వచ్చు లారీ దీపముల కాంతి సోకినప్పుడు మాత్రము ఒక్కొక్క మరకయు ఒక్కొక్క వెలుగుబొట్టై నిలిచి దారిని కప్పివేయును. నడుపువాని కంటికిని, దారిన పోవువాని ప్రాణమునకును నడుమ నున్నది ఈ అద్దమొక్కటే. ఆ మరకను తీయుటకు నేడు వాడుకలోనున్న విద్య కారు పుట్టుటకు రెండువందల యేండ్లకు ముందే పుట్టినది. దాని చరిత్రను శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి.

ముందుగా మరకల సంగతి. అన్ని మరకలును ఒక్క తీరువి కావు. మన యూళ్ళలో బోరునీటితో కారు కడిగి, తుడువక ఎండలో విడిచినచో, నీరు ఆవిరియై పోయి అందులోని సున్నము మొదలగు లవణములు తెల్లని వలయములుగా మిగులును. ఇవి క్రొత్తవియైనచో నిమ్మరసమునకో, వెనిగరునకో కరగిపోవును. ఇత్తడి బిందెకు చింతపండు చేయు మేలు వంటిదే ఇది. నెలలతరబడి విడిచిన మరక వేరు. నీరు గాజులోని సోడియమును కొంచెము కొంచెముగా లాగుకొని క్షారమగును. ఆ క్షారము గాజునే తినివేయును. అప్పుడా మరక గాజుపైనున్నది కాదు, గాజులోనిది. దానిని తుడుచుట సాధ్యము కాదు. మరక ఎంత లోతున్నదో అంత లోతువరకు చుట్టునున్న గాజును తీసివేయవలెను, తీసివేసినట్లు కనబడకూడదు. మెరుగుపెట్టుట యనగా ఇదియే.

ఈ విద్యకు పెద్దబడి ఫ్రాన్సు దేశము. పదునాలుగవ లూయీ కాలమున, మంత్రి కోల్బేరు పూనికతో, 1665లో అచ్చట రాజాదరణగల అద్దముల కర్మాగారము వెలసెను. వెనీసు నగరపు పనివారిని గుట్టుగా రప్పించి వారి రహస్యములు నేర్చుకొనిరి. 1684లో పూర్తియైన వెర్సాయ్ రాజసౌధపు అద్దాలమందిరమున 357 అద్దములు కలవు. వాని తళతళను మెచ్చినవారు పలువురు. ఆ తళతళ వెనుకనున్న రాపిడిని తలచినవారు తక్కువ.

ఆ శతాబ్ది చివర, కరిగిన గాజును లోహపు బల్లమీద పోసి పెద్ద పలకలుగా పరచు పద్ధతి వచ్చెను. సేంట్ గోబెన్ అను గ్రామము దానికి నెలవయ్యెను. పలకలు పెద్దవేకాని, వాని ముఖము గరుకై చూపు సాగనిదై యుండెడిది. ఒక పలకను బల్లపై కదలకుండ పొదిగి, దానిమీద మరియొక పలక నుంచి, నడుమ ఇసుకయు నీరును పోసి గంటలతరబడి రుద్దుచుండిరి. తరువాత సన్నయిసుక, ఆ తరువాత కురువిందపు పొడి. ఇంత చేసినను పలక మంచుపట్టినట్లు బూడిదవన్నెతోనే యుండెడిది. కడపట, ఉన్నిని నొక్కి చేసిన మందపు గుడ్డకు మెత్తని ఇనుప ఆక్సైడు పొడిని తడిపి పూసి రుద్దినప్పుడుగాని అది అద్దము కాకుండెను. ఆ పొడి ఎఱ్ఱనిది. అది అంటిన చేతులు, బట్టలు, నేల అన్నియు కుంకుమవన్నెయే.

గరుకుపొడి గాజును గీయునన్నది సరి. సన్నపొడి ఆ గీతలను మాపుట ఎట్లు? న్యూటను తన 1704 నాటి కాంతిశాస్త్ర గ్రంథమున, మెరుగనగా కంటికి కనబడనంత సన్నని గీతలేయని తలచెను. దూరదర్శిని కొఱకు లోహదర్పణములకు స్వయముగా మెరుగుపెట్టినవాడగుటచే ఆయన మాటకు విలువ యెక్కువ. ఐనను ఇరువదవ శతాబ్ది ఆరంభమున రేలీ ప్రభువు ఈ పనిని పరిశీలించి, గరుకు రాపిడిలో గాజు పెచ్చులుగా లేచుననియు, మెరుగులో అట్లుగాక అణుప్రమాణమున పోవుననియు చెప్పెను. రెండును ఒకే పనికి హెచ్చుతగ్గులు కావు, వేర్వేరు పనులు.

ఈలోగా కారు వచ్చెను. తొలినాటి కార్లకు ముందుటద్దమే లేదు. వచ్చినది మామూలు గాజుపలక. అది పగిలినచో కత్తులై ముఖమునకు తగిలెడిది. 1903లో ఫ్రాన్సులో బెనెడిక్టసు అను రసాయనజ్ఞుని ప్రయోగశాలలో ఒక సీసా క్రిందపడి, పగుళ్ళువారియు విడిపోకుండెను. లోపల ఎండిన సెల్యులోజు పొర ముక్కలను పట్టియుంచెను. రెండు పలకల నడుమ పొరనుంచు అద్దమునకు ఆయన 1909లో పేటెంటు పొందెను. అద్దమునకు రక్షణ కలిగెను. మరక బాధ మాత్రము తప్పలేదు. నీరు తుడుచు వైపరు, దానిక్రింద చిక్కిన ఇసుకరేణువుతో క్రొత్త గీతలనుగూడ పెట్టసాగెను.

ఇచ్చట కథ మన సముద్రతీరమునకు మరలును. సీరియమను మూలకమును 1803లో స్వీడనున బెర్జీలియసు, హీసింగెరు, జర్మనీలో క్లాప్రోతు కనుగొనిరి. చాలకాలము దానికి చెప్పుకోదగిన పని లేకపోయెను. పందొమ్మిదవ శతాబ్ది చివర ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు వెల్సుబాకు గ్యాసుదీపపు మాంటిలును కనిపెట్టెను. మన పల్లెలలో పెండ్లి ఊరేగింపుల ముందు నడచిన పెట్రోమాక్సు దీపములలోని తెల్లని వలసంచి అదియే. అందులో నూటికి 99 పాళ్ళు థోరియము ఆక్సైడు, ఒక పాలు సీరియము ఆక్సైడు. రెండును మోనజైటు అను ఖనిజములో దొరకును. తిరువాన్కూరునుండి పోయిన కొబ్బరిపీచుకు అంటిన ఇసుకలో 1909లో షోంబెర్గు అను జర్మను రసాయనజ్ఞుడు ఆ ఖనిజమును గుర్తించెను. అంతట మన ఇసుక ఓడలకెక్కెను. మన భీమునిపట్టణపు ఒడ్డున కనబడు నల్లయిసుకలోను మోనజైటు కలదు.

దీపములవారికి కావలసినది థోరియము. మోనజైటులో దానికంటె ఎక్కువగానున్న సీరియము మిగిలిపోవుచుండెను. సిగరెట్టు లైటరు చెకుముకిరాళ్ళకు కొంత ఉపయోగపడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కటకములు మెరుగుపెట్టువారు, ఎఱ్ఱపొడికంటె సీరియము ఆక్సైడు వేగముగా పనిచేయుటయు, మడ్డి మిగల్పకుండుటయు గ్రహించి దానిని విరివిగా చేపట్టిరి. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్సు సంస్థ ఏర్పడెను. 1952లో కేరళ ప్రాంతమున ఆళువాలో మోనజైటును శుద్ధిచేయు కర్మాగారము పనిచేయ నారంభించెను. ఇసుకను ఓడకెత్తి మఱచిపోవుటకంటె ఇది మేలని మా అభిప్రాయము.

విచిత్రమేమనగా, ఈ పొడి గాజుకంటె గట్టిది కాదు, ఇంచుమించు సమానము. నీరు గాజు పైపొరను మెత్తపరచును. పొడిరేణువు ఆ పొరలోని సిలికాను పట్టి లాగుకొనిపోవును. 1990లో కుక్ అను శాస్త్రజ్ఞుడు దీనిని సీరియమునకుగల రసాయనపు పన్నుగా వివరించెను. కావుననే ఈ పనిలో తడి ఆరరాదు. ఆరినచో మెరుగు సాగదు సరికదా, వేడెక్కిన అద్దము పగులవచ్చును. మరకనొక్కదానినే పట్టుకొని రుద్దినను కీడే. అచ్చట గుంటపడి అద్దము కటకమువలె మారును, దారి అలలుగా కదలును. చుట్టునున్న మేరను గూడ కలుపుకొని ఓపికతో రుద్దవలెను.

1959లో ఇంగ్లండున పిల్కింగ్టను సంస్థవారు, ఏడేండ్ల ప్రయాసమీదట, కరిగిన తగరముపై గాజును తేల్చి పలకచేయు పద్ధతిని ప్రకటించిరి. ద్రవముమీద తేలిన గాజు రెండువైపులను సహజముగనే నునుపై వచ్చును. దానికి ఇసుక వలదు, ఎఱ్ఱపొడి వలదు. పలకలను రుద్దు పొడవైన యంత్రశాలలు క్రమముగా మూతపడెను. మూడువందల యేండ్లు కర్మాగారములను నడపిన ఆ పని ఇప్పుడు రహదారి ప్రక్కనున్న చిన్న దుకాణములలో, చేతిలో ఇమిడెడు విద్యుద్యంత్రముతో, నాటి ఉన్నిబిళ్ళతోనే, సీరియపు పొడి కలిపిన నీళ్ళతో సాగుచున్నది. నేర్పరియైన పనివాడు మొదట గోటిని అద్దముపై నడపి చూచును. గీత గోటికి తగిలినచో పొడి డబ్బా మూత తీయక, అద్దము మార్చుకొండని చెప్పి పంపివేయును.